మా దగ్గర రాసుకెళ్లిన లెక్కలు మాకెప్పుడు చెబుతారు?

హైదరాబాద్‌లోని సామాజిక, ఆర్థిక పరిశోధన సంస్థల డైరెక్టర్లకు, ప్రొఫెసర్లకు. ఆ సంస్థలకు అధ్యయనాలు అప్పగించే రెండు రాష్ట్రాల ప్రభుత్వ శాఖల అధికారులకు,

నమస్కారం.

నేను ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌ని. మీ రిపోర్టుల్లో పట్టికల కింద "క్షేత్రస్థాయి సర్వే ఆధారంగా" అని చిన్న అక్షరాల్లో ఉంటుందే, ఆ సర్వే చేసేవాళ్లలో ఒకణ్ని. ప్రాజెక్టు ఉంటే పని, లేకపోతే ఊళ్లో ట్యూషన్లు. మొదట్లో కాగితపు షెడ్యూళ్ల (మేం ఇంటింటికీ తిరిగి నింపే ప్రశ్నపత్రాల) కట్టలు మోశాను, ఇప్పుడు ట్యాబ్ పట్టుకుని తిరుగుతున్నాను. ట్రైనింగ్ రోజుల్లో మీలో కొందరు నన్ను చూసే ఉంటారు. పేరు రాయడం లేదు. వచ్చే ప్రాజెక్టు కూడా కావాలి కదా.

ఏ జిల్లా వెళ్లినా, షెడ్యూలులో పశువుల లెక్క దాటి అప్పుల లెక్కకు వచ్చేసరికి ఎదుటి మనిషి ఒక ప్రశ్న వేస్తాడు. "ఇవన్నీ రాసుకపోయి ఏం చేస్తరు సార్? మాకేమొస్తది?" దీనికి మాకు ట్రైనింగ్‌లో జవాబు నేర్పారు. సమ్మతి పత్రంలోనూ అదే ఉంటుంది: మీరు చెప్పే వివరాలు గోప్యంగా ఉంచుతాం, మీకు నేరుగా లాభం ఏమీ ఉండదు, కానీ ప్రభుత్వ విధానాలు మెరుగుపడటానికి ఇవి ఉపయోగపడతాయి. మొదటి రెండు మాటలకూ నేను పూచీ పడతాను. మూడోది మీ తరఫున మేం ఇచ్చే హామీ. ఈ ఉత్తరం రాస్తున్నది ఆ మూడో మాట గురించి.

మీ పని దండగ అనేవాళ్లతో నేను కలవను, ముందే చెబుతున్నాను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు స్మార్ట్‌కార్డుల మీద ఇవ్వడం మొదలుపెట్టిన రోజులు చాలామందికి గుర్తుంటాయి. పోస్టాఫీసు చుట్టూ తిరగకుండా ఊళ్లోనే వేలిముద్ర వేసి డబ్బు తీసుకునేవాళ్లు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ అనే ఆర్థికవేత్తలు ప్రభుత్వంతో మాట్లాడుకుని, 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ఎక్కడ ముందు కార్డులివ్వాలి, ఎక్కడ తర్వాత ఇవ్వాలి అన్నది లాటరీ తీసి తేల్చారు. ముందు వచ్చిన మండలాలను రాని మండలాలతో పోల్చి చూస్తే కూలీ డబ్బు త్వరగా అందుతోందని, మధ్యలో మాయమయ్యే సొమ్ము సుమారు 40 శాతం తగ్గిందని తేలింది.

అయినా 2013లో ప్రభుత్వం ఆ కార్డుల్ని దాదాపు ఎత్తేయబోయింది. పై అధికారుల చెవిన పడేవి ఫిర్యాదులే మరి. తినే దారి మూసుకుపోయినవాడు జిల్లా కేంద్రం దాకా వెళ్లి గోల చేస్తాడు. డబ్బు సరిగ్గా అందుతున్న కూలీ మాత్రం "బాగుంది" అని చెప్పడానికి ఒకరోజు పని పోగొట్టుకుని కలెక్టరాఫీసుకు వెళ్లడు. అప్పుడు సర్వే లెక్క బల్ల మీదికొచ్చింది. లబ్ధిదారుల్లో పదిమందికి తొమ్మిది మంది పాత పద్ధతి కంటే కార్డే నయమన్నారు. కార్డులు నిలవడానికి ఆ లెక్క ఒక కారణమైంది. గొంతు లేనివాళ్ల మాటను సంఖ్య చేసి సచివాలయం దాకా మోసుకెళ్లడం ఇదే. ఈ పని మీరు తప్ప ఇంకెవరూ చేయలేరు. పార్టీ కార్యకర్త తన వాళ్ల మాటే మోస్తాడు, విలేకరికి అంత వ్యవధి ఉండదు, అధికారికి కింది నుంచి అందే కాగితమే లోకం.

హైదరాబాద్‌కు ఈ విషయంలో లోటేం లేదు. బేగంపేట నిజామియా అబ్జర్వేటరీ ఆవరణలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం సెస్ ఉంది, బెల్లా విస్టాలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఆస్కీ ఉంది, రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఉంది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975లో ఆరు ఊళ్లను ఎంచుకుంది. వాటిలో రెండు, ఔరేపల్లి, డోకూరు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లావి. నాలాంటి ఇన్వెస్టిగేటర్లు ఆ ఊళ్లలోనే కాపురం ఉండి, కొన్ని వారాలకోసారి అవే ఇళ్లకు వెళ్లి, ఎవరు ఎవరి దగ్గర కూలీకి పోయారు, ఎంత గింజ అమ్మారు, ఎంత అప్పు తెచ్చారు అన్నది ఏళ్ల తరబడి రాశారు. కరువొచ్చినప్పుడు పేద కుటుంబం ఎలా నెట్టుకొస్తుంది అనే విషయం మీద అమెరికా యూనివర్సిటీల్లో చదివే పేరున్న వ్యాసాలకు ఆ లెక్కలే ముడిసరుకు. మా వృత్తిలో వాళ్లకంటే గొప్పవాళ్లు లేరని నా అభిప్రాయం, వాళ్ల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు. 2002 నుంచి నడిచిన యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి రాష్ట్రంలోని సుమారు 3 వేల మంది పిల్లలను చిన్నతనం నుంచి పెళ్లిళ్ల దాకా గమనించింది. పేర్లు తీసేసిన ఆ సమాచారాన్ని బ్రిటన్‌లోని డేటా ఆర్కైవ్ నుంచి ఎక్కడి పరిశోధకుడైనా తీసుకోవచ్చు. అంటే మన ఊళ్ల సంగతి తెలుసుకోవాలంటే లండన్‌లో ఉన్నవాడికి ఉన్న వీలు లింగసముద్రంలో ఉన్నవాడికి లేదు. ఇది నేరం అనను. వింతగా మాత్రం ఉంది.

ఇక అసలు బాధకు వస్తాను.

2014 ఆగస్టు 19న తెలంగాణలో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఒక్కరోజులో రాష్ట్రమంతా లెక్కించారు. ఆ రోజు ఇంట్లో లేకపోతే రేషన్ కార్డు పోతుందేమోనన్న భయంతో ముంబై నుంచి, సూరత్ నుంచి బస్సుల్లో నిలబడి వచ్చినవాళ్లున్నారు. కులం, భూమి, ఇల్లు, జబ్బులు, బ్యాంకు ఖాతా, అన్నీ చెప్పారు. ఆ సర్వే ఫలితాలు పూర్తిగా ఒక పుస్తకంగా జనం ముందుకు రానేలేదు. ఏళ్ల తరబడి నాయకులు "సమగ్ర సర్వే ప్రకారం" అంటూ తమకు కావలసిన అంకెలు చెబుతూ వచ్చారు. సరిచూసుకునే దారి మాత్రం ఎవరికీ లేదు. ఢిల్లీ తక్కువేం తినలేదు. 2017-18లో దేశమంతా చేసిన కుటుంబ వినియోగ వ్యయ సర్వేను, నాణ్యత లేదంటూ 2019 నవంబర్‌లో కేంద్రం బయటపెట్టనంది. నాణ్యత లేకపోతే ఆ సంగతి కూడా ముందుమాటలో రాసి బయటపెట్టవచ్చు. లోపాలు పట్టుకోవడానికి దేశంలో చదువుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

ప్రభుత్వాలు ఇలా చేస్తాయి, మేమేం చేస్తాం అని మీరు అనవచ్చు. కానీ మీ బీరువాల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ తరఫున, ఒక శాఖ నడిపే పథకం మీద సర్వేకి వెళ్లాను. శాఖ పేరు, సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఎండాకాలం, కరెంటు లేని ఊళ్లు, కష్టపడి చేశాం. లబ్ధిదారుల జాబితాలో ఉన్నవాళ్లలో చాలామందికి ఆ పథకం అందలేదని మాకు ఫీల్డులోనే అర్థమైంది. డ్రాఫ్ట్ రిపోర్టు వెళ్లింది. శాఖ "పరిశీలిస్తున్నాం" అంది. ఇప్పటికీ పరిశీలిస్తూనే ఉంది. ప్రొఫెసర్‌గారిని అడిగితే ఒప్పందంలోని ఒక వాక్యం చూపించారు: శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఫలితాలను ప్రచురించరాదు. ఆయన మంచి మనిషి, నిజాయితీపరుడు. ఆ వాక్యం కింద సంతకం పెట్టకపోతే ప్రాజెక్టు రాదు, ప్రాజెక్టు రాకపోతే నాకూ, ఆయన దగ్గర పనిచేసే పదిమంది పిల్లలకూ జీతం రాదు. ఇదీ వ్యవహారం.

నా మాటంతా ఆ ఒక్క వాక్యం గురించే. ప్రజల డబ్బుతో, ప్రజల దగ్గర కూర్చుని చేసిన అధ్యయనాన్ని బయటపెట్టాలా వద్దా అన్నది, ఆ అధ్యయనంలో మార్కులు పడిన శాఖే తేల్చకూడదు.

అలా తేల్చినందువల్ల ఏం నష్టం అంటారా? కౌలు సంగతి చూడండి. వ్యవసాయం మీద ఏ సర్వేకి వెళ్లినా షెడ్యూలులో మూడు గళ్లు ఉంటాయి: సొంత భూమి, కౌలుకు తీసుకున్నది, కౌలుకు ఇచ్చింది. ఏళ్లుగా నింపుతున్నాం. భూమి యజమాని పక్కన ఉంటే కౌలుదారు నోరు విప్పడని, అతణ్ని విడిగా టీకొట్టు దగ్గరో చేను గట్టు మీదో అడగాలని కొత్తగా చేరిన ఇన్వెస్టిగేటర్‌కి కూడా తెలుసు. కౌలుదారులు ఉన్నారన్న సంగతి ప్రభుత్వానికీ తెలుసు. తెలిసే 2011లో ఉమ్మడి రాష్ట్రం వాళ్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేసింది. తీరా 2018 మేలో తెలంగాణ ప్రభుత్వం రైతుబంధు మొదలుపెట్టి ఎకరాకు సీజనుకు 4 వేలు ఇచ్చినప్పుడు, పాస్‌బుక్కులో పేరున్నవాడికే చెక్కు వచ్చింది. చెమటోడ్చి దున్నినవాడికి రాలేదు. ఆంధ్రలో 2019 చట్టం కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇస్తానంది, దానికి యజమాని సంతకం కావాలంది. యజమాని ఎందుకు సంతకం పెట్టడో చెప్పే జవాబులు మా షెడ్యూళ్లలో, ఫోకస్ గ్రూప్ చర్చల నోట్సులో కుప్పలుగా ఉన్నాయి: భూమి మీద హక్కు అడుగుతాడేమోనని, బ్యాంకులో తన పంట రుణం పోతుందేమోనని, రాయితీలు వాడికి పోతాయేమోనని. ఇది కొత్తగా కనిపెట్టాల్సిన రహస్యం కాదు. మీ ప్రొఫెసర్లు సెమినార్లలో చెప్పారు, ఇంగ్లిష్ పత్రికల్లో రాశారు. కౌలుదారు చేతికి మాత్రం అందలేదు. అంది ఉంటే గ్రామసభలో అధికారిని నిలదీయడానికి అతని దగ్గర ఒక కాగితమైనా ఉండేది.

ఇంకొక ఉదాహరణ ఆంధ్రప్రదేశ్ భూమి హక్కు చట్టం, అదే ల్యాండ్ టైట్లింగ్ చట్టం. దాని కథ ఒక పరిశోధకుడితోనే మొదలైంది. పుణె గోఖలే ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన డి.సి.వాధ్వా 1989లో ప్రణాళికా సంఘానికి ఒక నివేదిక ఇచ్చారు. (బిహార్‌లో ఆర్డినెన్సులను మళ్లీ మళ్లీ జారీ చేయడం మీద సుప్రీంకోర్టుకెక్కి గెలిచినాయనే ఈయన. పరిశోధకుడు గదిలోనే కూర్చోనక్కర్లేదనడానికి ఇంతకంటే ఏం కావాలి!) మన దేశంలో రిజిస్ట్రేషన్ అంటే కాగితం నమోదు చేయడమే, ఆ భూమి నీదేనని ప్రభుత్వం పూచీ ఇవ్వదు, ఇచ్చే పద్ధతి రావాలి అన్నది ఆయన చెప్పిన సారాంశం. నీతి ఆయోగ్ 2020లో నమూనా చట్టం తయారుచేసింది. ఆంధ్రప్రదేశ్ చట్టం 2023 అక్టోబర్ 31న అమల్లోకి వచ్చింది. లాయర్లు కోర్టులు బహిష్కరించారు. 2024 ఎన్నికల్లో అదే పెద్ద గొడవైంది. జులైలో కొత్త అసెంబ్లీ దాన్ని రద్దు చేసింది.

ఆ నెలల్లో నేను పల్నాడు, ప్రకాశం వైపు తిరుగుతున్నాను. అడగని ఊరు లేదు. "మా భూములు తీసుకుంటారంటగా, నిజమేనా?" ఒక వైపు ఇదంతా అబద్ధమన్నారు, ఇంకో వైపు ఇల్లూ వాకిలీ పోతాయన్నారు. పాస్‌బుక్కు మీద ముఖ్యమంత్రి ఫొటో, హద్దురాళ్ల మీద పేరు చూసినవాళ్లకు ఏది నమ్మాలో అర్థం కాలేదు. చట్టంలో అడగాల్సిన అసలు ప్రశ్నలు వేరే ఉన్నాయి. వివాదం వస్తే ఊరికి దగ్గరలో ఉన్న సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసి, టైటిల్ అధికారి దగ్గరికి, ఆ తర్వాత హైకోర్టుకు పొమ్మనడం సన్నకారు రైతుకు సాధ్యమా? గడువులోగా అభ్యంతరం చెప్పని వలస కూలీ సంగతేంటి? పూచీ ఇచ్చే పద్ధతిలో నిజంగా మంచి ఉందా, ఉంటే ఎవరికి? ఇవి చర్చించే పది పేజీల తెలుగు పుస్తకం ఒక్కటి, ఏ పార్టీదీ కానిది, నేను తిరిగిన ఊళ్లలో నా కంటపడలేదు. వాట్సాప్ మెసేజీలు పడ్డాయి. మూడు దశాబ్దాలకు పైగా నిపుణుల మధ్య నలిగిన ఆలోచన, జనం దగ్గరికి వచ్చేసరికి పుకారుగా వచ్చి పుకారుగానే పోయింది. ఆ చట్టం రద్దు కావడం మంచిదే కావచ్చు. కానీ తెలిసి వద్దనుకున్నామా, భయపడి వద్దనుకున్నామా? ఈ ప్రశ్నకు మీరు కూడా జవాబు చెప్పాలి.

జనానికి అర్థం కావు, పట్టికలు, శాతాలు వాళ్లకెందుకు అని మీలో ఒకరిద్దరు అనడం నేను విన్నాను. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైంది. ఆ ఏడే ఉమ్మడి రాష్ట్రంలో సామాజిక తనిఖీలు మొదలయ్యాయి. 2009లో వాటి కోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ పెట్టారు. ఊరి కుర్రాళ్లకు ట్రైనింగ్ ఇచ్చి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చేతికిచ్చి, ఇంటింటికీ పంపేవాళ్లు. నీ జాబ్ కార్డు మీద ఇన్ని రోజులు పనిచేసినట్టు రాసుంది, చేశావా? తర్వాత మండలంలో ప్రజావేదిక. మైకులో పేరు, రోజులు, డబ్బు చదివేవాళ్లు. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలీ తీసిన సంగతులు అక్కడే బయటపడేవి. పదో తరగతి తప్పినవాళ్లు, అసలు బడికే వెళ్లనివాళ్లు లేచి నిలబడి అంకెలతో వాదించారు. ప్రజావేదికల్లో కొట్లాటలు జరిగాయి, తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంచెమే. ఆ లోపాలన్నీ నిజం. కానీ లెక్కలు జనానికి అర్థం కావన్న మాట మాత్రం ఇక ఎవరూ నా దగ్గర అనొద్దు. తమ లెక్క అయితే అందరికీ అర్థమవుతుంది.

అధికారులకు నా విన్నపం. అధ్యయనం అప్పగించే ఒప్పందంలో "అనుమతి లేకుండా ప్రచురించరాదు" అన్న మాట తీసేయండి. దాని బదులు, తుది నివేదిక అందిన ఆరు నెలల్లోగా సంస్థ దాన్ని ప్రచురిస్తుందని, శాఖకు అభ్యంతరాలుంటే వాటిని యథాతథంగా చివర్లో చేరుస్తుందని రాయండి. శాఖ మాట కూడా జనం చదువుతారు. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం సెక్షన్ 4, ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడు వాటికి సంబంధించిన విషయాలన్నీ ఎవరూ అడగకుండానే ప్రకటించమంటోంది, స్థానిక భాషను దృష్టిలో పెట్టుకోమని కూడా అంటోంది.

డైరెక్టర్లకు ఇంకొంచెం ఎక్కువ చెప్పాలి. నివేదిక ఎంత లావుగా ఉన్నా, పన్నెండు పేజీల తెలుగు పుస్తకం ఒకటి దానితోపాటే రావాలి. అనువాదం కోసం ఏజెన్సీకి పంపకండి, ఫీల్డుకు వెళ్లినవాళ్లతో కూర్చుని రాయించండి. దాన్ని సర్వే చేసిన పంచాయతీలకు పంపండి. సమ్మతి పత్రంలోనే, ఫలితాలు ఫలానా నెలలో మీ పంచాయతీ ఆఫీసులో ఉంటాయని రాయండి. అయితే ఇక్కడ ఒక ప్రమాదం ఉంది, అది కుర్చీలో కూర్చున్నవాళ్లకు తట్టకపోవచ్చు. ఊరికి ఇరవై ఇళ్లు తీసుకున్న సర్వేలో, ఊరి పేరుతో కౌలు లెక్క వేసి గోడకు అంటిస్తే, ఎవరు నోరు విప్పారో గంటలో తేలిపోతుంది. వచ్చే ఏడాది ఆ మనిషికి కౌలు దొరకదు. అప్పుల లెక్కా అంతే, వడ్డీ వ్యాపారి పక్కింట్లోనే ఉంటాడు. కాబట్టి మండలం స్థాయిలోనో, నాలుగైదు ఊళ్లు కలిపో ఇవ్వండి. ఏ అంకె ఏ స్థాయిలో చెప్పాలో నిర్ణయించేటప్పుడు మమ్మల్ని పిలవండి, చెబుతాం.

డబ్బు గురించి కూడా ఒక మాట. ఢిల్లీలో 1973 నుంచి ఉన్న సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కి 2023లో విదేశీ విరాళాల అనుమతి ఆగిపోయినప్పుడు, ఆ సంస్థ ఎంతమందిని పోగొట్టుకుందో మీకు నాకంటే బాగా తెలుసు. ఆ భయం మీ గదుల్లోకీ వచ్చిందని నాకు తెలుసు. ప్రభుత్వ గ్రాంటు ఆలస్యమైతే మీ జీతాలే ఆగుతాయి. దాతలిస్తే ఒక అనుమానం, సర్కారిస్తే ఇంకో అనుమానం, కంపెనీలిస్తే చెప్పనే అక్కర్లేదు. డబ్బు తీసుకోవద్దని నేను అనడం లేదు, గాలి తిని ఎవరూ సర్వే చేయలేరు. ఎవరిచ్చారు, ఎంతిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు అన్నది నివేదిక మొదటి పేజీలో రాయండి, చివరి పేజీ అడుగున కాదు. ఈ మధ్య ప్రభుత్వాలు విజన్ డాక్యుమెంట్లకు పెద్ద పెద్ద కన్సల్టెన్సీలను పిలుస్తున్నాయి. 1999 నాటి విజన్ 2020కి మెకిన్సీ పనిచేసిన దగ్గర్నుంచీ మనకు ఇది అలవాటే. కన్సల్టెంటు తన క్లయింటుకు జవాబుదారీ, అందులో దాపరికం లేదు. మీరు అలా కాదనే కదా మీకు ప్రజల డబ్బిచ్చి నిలబెట్టింది. "శాఖ అనుమతి" అన్న వాక్యం కింద సంతకం పెట్టిన రోజున మీకూ కన్సల్టెంటుకూ తేడా ఏమిటో నాకు అంతుపట్టదు.

ఇవన్నీ ఒక్కసారిగా కావని తెలుసు. ఒప్పందాలు మారాలంటే ఫైళ్లు కదలాలి. అందుకే ఈ ఏడాదికి ఒక్కటే అడుగుతాను. మీ వెబ్‌సైట్లలో ఒక జాబితా పెట్టండి. గత పదేళ్లలో ప్రభుత్వ శాఖలు మీకు అప్పగించిన అధ్యయనాలన్నీ: దేని మీద, ఏ శాఖ, ఎంత మొత్తం, ఏ జిల్లాల్లో ఎన్ని కుటుంబాలను అడిగారు, నివేదిక ఏ తేదీన ఇచ్చారు, బయటికి వచ్చిందా లేదా. ఫలితాలు ఏమీ రాయక్కర్లేదు, కాబట్టి మీ ఒప్పందంలోని ఆ వాక్యం మీకు అడ్డు రాదు. జాబితా ఉంటే చాలు. రాని నివేదికల కోసం సమాచార హక్కు దరఖాస్తులు మేం పెట్టుకుంటాం.

ఇట్లు,
ఒక ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్